మూడో గడి

2011 జూన్ 18, శనివారం ఉదయం 5 గంటల 40 నిమిషాలకు, హిందీ రాష్ట్రంలోని గుఢియారీలో రైలు పట్టాల పక్కనున్న అద్దె ఇంట్లో, కల్యాణి పుస్తకాన్ని ఎలుకలు కొరికినట్టు తేలింది. అందులో 240 ఇంగ్లీషు క్రియలున్నాయి. ఒక్కోదానికి మూడు రూపాలు, మూడు గళ్లు. మూడో గడి మొత్తం పోయింది.

కల్యాణికి పదకొండేళ్లు. హిందీ మీడియంలో అయిదో తరగతి పూర్తి చేసింది. ఇంగ్లీషు మీడియం బడిలో చేరేందుకు ప్రవేశ పరీక్ష మర్నాడు పది గంటలకు. సీట్లు నలభై. ఆ బడిలో ఆరో తరగతిలోనే చేర్చుకుంటారు, ఆ తర్వాత అవకాశం లేదు.

పుస్తకం కొన్నది కాదు. తండ్రి కొండలరావు రైలు పెట్టెలు కడిగే కాంట్రాక్టు పనివాడు. పెట్టెలకు అంటించిన రిజర్వేషన్ చార్టులను కడిగే ముందు ఊడదీస్తారు. వాటి వెనుక వైపు ఖాళీ. పనివాళ్ల పిల్లలు చాలామంది దాని మీదే రాసుకునేవారు. ఇంటికి తెచ్చాక మైదా జిగురు అంటిన అంచును కత్తిరించాలి. తల్లి అప్పలనరసమ్మ కత్తిరించలేదు. కాగితానికి రెండు వేళ్ల మేర మిగులుతుందని అలాగే కుట్టింది. మూడో గడి ఆ అంచు మీద పడింది.

క్రియలను కల్యాణి పక్కింటి ఫణిశ్రీ గైడు చూసి దించుకుంది. ఫణిశ్రీ ఆ గైడు పట్టుకుని సెలవులకు పలాస వెళ్లింది.

“మైదా వాసనకి ఎలకలు ఊరుకుంటాయేటి? నాదే బుద్ధి తక్కువ,” అంది అప్పలనరసమ్మ.

“పోనీలేవే, మనింటి ఎలకలకి ఇంగ్లీషొచ్చేసింది,” అన్నాడు కొండలరావు.

“నీకు మజాక్‌గా ఉంది,” అంది కల్యాణి.

అతను జేబు చూసుకున్నాడు. “కొత్త గైడు ఎంతమ్మా?”

“ఎనభై అయిదు. వద్దు నాన్నా, ఆ డబ్బులు బడికేసుకెళ్లే జూతాలకి ఉంచినవి. నాకు యాదున్నాయి. అమ్మా, నువ్వు కూకో. నాను చదువుతాను.”

“నాకేటొచ్చే ఇంగ్లీషు?”

“నాను పైకి చదువుతంటే నలభై రోజుల్నించి వింటన్నావు కదా. పాట మారితే ఆపు.”

ఆరు గంటలకు మొదలుపెట్టారు. కల్యాణి ఒక్కో క్రియ మూడు రూపాలూ పైకి చదివి, వేరే చార్టుల వెనుక రాసింది. ఈసారి అంచులు కత్తిరించారు. ఇంగ్లీషు అక్షరాలు రాని అప్పలనరసమ్మ వంకాయలు తరుగుతూ వింది. పదకొండు సార్లు ఆపింది.

“స్విమ్, స్వామ్, స్వామ్.”

“ఆగాగు. ఆఖర్ని అలా అనవు నువ్వు. నోరు చిన్నది సేస్తావు.”

“స్వమ్.”

“అదీ.”

మధ్యాహ్నం రెండున్నరకు 233 పూర్తయ్యాయి. ఏడింటి మూడో రూపం ఇద్దరికీ అందలేదు. సాయంత్రం మొదటి నుంచి మళ్లీ చదివారు. ఒకటి దొరికింది. ఆరు ఖాళీగా ఉండిపోయాయి.

కొండలరావు డబ్బు తీసి చాపాడు.

“ఆరింటికి ఎనభై అయిదా?” అంది కల్యాణి. తీసుకోలేదు.

పరీక్షలో పాతిక క్రియలు ఇచ్చారు. ఖాళీగా ఉండిపోయిన ఆరింటిలో రెండు వచ్చాయి. ఆ రెంటినీ ఆమె ఊహించి రాసింది. అవి ఒప్పో తప్పో బడివారు చెప్పలేదు.

పరీక్ష 312 మంది రాశారు. జూన్ 25 ఉదయం, సీటొచ్చిన నలభై మంది జాబితాను బడి గేటుకు అంటించారు. కల్యాణి పేరు ముప్పై ఏడోది.