ఊపిరి బొమ్మ

వీరబ్రహ్మం నిజాంపట్నం హార్బరులో బోటు కళాసి. వేటలో వల వెళ్ళి బోటు కింద పంకాకు చుట్టుకుంటే, కత్తి పళ్ళ మధ్య కరుచుకుని నీళ్ళలోకి దిగి దాన్ని కోసి వచ్చేది అతనే. ఆ పని కోసం ఇంకొకరిని పిలవాల్సిన అవసరం ఏనాడూ రాలేదు. అతను మునగగానే సరంగు కోటయ్య నింపాదిగా బీడీ వెలిగించుకునేవాడు. కోటయ్య వీరబ్రహ్మం భార్య భవానికి అన్న. బోటు నడిపేదీ, ఎవరు ఎక్కాలో చెప్పేదీ అతనే.

కరోనా రెండోసారి వచ్చిన వేసవిలో బోటు మీద అందరికీ జ్వరం వచ్చింది. అందరూ లేచి తిరిగారు. వీరబ్రహ్మం కూడా లేచాడు, వేటకు వెళ్ళాడు. కానీ ఆ తర్వాత మొదటిసారి వల చుట్టుకున్నప్పుడు నీళ్ళలోకి దిగినవాడు పంకా దాకా చేరకుండానే పైకి వచ్చేశాడు. ఛాతీలో ఏదో పిడికిలి బిగిసినట్టయింది. కాసేపు ఆగి మళ్ళీ దిగాడు. మళ్ళీ అంతే. చివరికి వేరే కళాసి దిగి కోసి వచ్చాడు.

రేపల్లెలో ఎక్స్‌రే తీశారు, బాగుందన్నారు. తెనాలిలో సీటీ తీశారు, అదీ బాగుందన్నారు. ఆ మాట అతనికంటే ముందే హార్బరుకు చేరింది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయట, మావాడికి భయం పట్టుకుంది, అని కోటయ్య టీ కొట్టు దగ్గర అన్నాడు. చెడు ఉద్దేశంతో అనలేదు. కానీ ఆ మాట వీరబ్రహ్మాన్ని అంటిపెట్టుకుంది. బోటు బయలుదేరే ప్రతిసారీ కోటయ్య ఇంటి ముందు నిలబడి కేకేసేవాడు.

"ఏంటి బ్రహ్మం, ఇవాళన్నా ధైర్యం వచ్చిందా?"

రాలేనని లోపలి నుంచే చెప్పేవాడు వీరబ్రహ్మం. భవాని చేపలు ఎండబెట్టే పనికి వెళ్ళిపోయేది. మొదట్లో ఎలా ఉందని అడిగేది, తర్వాత అడగడం మానేసింది. ఒక్కడే ఇంట్లో కూర్చుని తన ఊపిరిని తనే వినేవాడు. నూతి దగ్గర నుంచి బిందె తెచ్చేసరికి ఆయాసం వచ్చేది. ఇది నిజంగా ఆయాసమేనా, లేక భయమే ఇలా ఉంటుందా అని అతనికే అనుమానం వచ్చింది. తను కూడా తనను నమ్మకపోవడమే అతనికి అన్నిటికంటే కష్టంగా తోచింది.

తెనాలిలో శశాంక్ అని ఊపిరితిత్తుల డాక్టరు ఉన్నాడు, చిన్న వయసువాడు. అతను పాత కాగితాలు చూసి, వరండాలో వీరబ్రహ్మాన్ని అటూ ఇటూ నడిపించి, పక్కనే తనూ నడిచాడు. తిరిగి కూర్చున్నాక, మీకు ఆయాసం వస్తోంది, కానీ ఎందుకో నాకు తెలియడం లేదండి అన్నాడు. ఏమీ లేదు అనని మొదటి మనిషి అతనే. తను చదువుకున్న చెన్నైలో ఇలాంటి వాళ్ళ మీదే ఒక పరిశోధన జరుగుతోందనీ, ఛార్జీలు కూడా వాళ్ళే ఇస్తారనీ చెప్పి ఫోన్ చేశాడు.

భవానికి పని వదలడానికి కుదరలేదు. వీరబ్రహ్మం ఒంటరిగానే బయలుదేరి, తెనాలిలో చెన్నై రైలెక్కాడు. బాపట్ల దాటాక పెట్టెలో జనం తగ్గారు. కిటికీ పక్కన కూర్చుని, అక్కడ కూడా ఏమీ లేదంటే ఇంటికి వెళ్ళి ఏం చెప్పాలా అని ఆలోచించాడు.

అక్కడి పరిశోధనశాలలో లక్ష్మీప్రియ అనే అమ్మాయి పలకరించింది. పరీక్షలో పీల్పించే వాయువు తయారుచేసేది ఆమే. తనది బాపట్లని చెప్పి, "రండి బాబాయ్" అనేసరికి అతనికి కాస్త ప్రాణం కుదుటపడింది. మొలతాడుకున్న వెండి బిళ్ళ తీయించి, ఛాతీకి తీగలున్న చొక్కాలాంటిది కట్టింది. ఏం చేయబోతున్నారో అర్థమయ్యేలా చెప్పింది.

మామూలు ఎమ్మారై ఒంట్లోని నీటిని చూస్తుంది. ఊపిరితిత్తుల్లో ఉండేది గాలి కాబట్టి అక్కడంతా నల్లగా వస్తుంది. అందుకని జినాన్ అనే వాయువును పీల్పిస్తారు. దాని పరమాణువులు చిన్న చిన్న అయస్కాంతాలు, కానీ ఎటు పడితే అటు తిరిగి ఉంటాయి కాబట్టి మిషన్‌కు వాటి జాడ దాదాపు అందదు. పక్క గదిలో లేజరు కాంతి సాయంతో వాటిలో చాలావాటిని ఒకే వైపుకు తిప్పుతారు. అప్పుడు వాటి సంకేతం వేల రెట్లు పెరుగుతుంది.

"కానీ అది నిలవదు బాబాయ్. సంచిలో పట్టిన దగ్గర్నుంచి తగ్గిపోతూనే ఉంటుంది. మీ లోపలికి వెళ్ళాక ఇంకా తొందరగా పోతుంది. అందుకే నేను సంచి తేగానే పీల్చేసి, చాలనేదాకా బిగబట్టండి."

ఆమె పక్క గదిలోంచి సంచి పట్టుకుని దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది. గొట్టం నోట పెట్టుకుని అతను పీల్చాడు. తల కొంచెం తేలినట్టయింది. మిషన్ టకటకా మోగుతుంటే కళ్ళు మూసుకుని బిగబట్టాడు. నీళ్ళ కింద పంకాకు చుట్టుకున్న వలంతా కోసే దాకా ఆగిన మనిషి, ఇప్పుడు పది లెక్కపెట్టేంత సేపు ఆగడానికి రెండు చేతులూ పిడికిళ్ళు బిగించాడు. "చాలు" అన్న మాట వినిపించగానే దగ్గుతూ వదిలాడు.

సాయంత్రం అక్కడి పెద్ద డాక్టరు తెర మీద బొమ్మ చూపించాడు. లక్ష్మీప్రియ తెలుగులో చెప్పింది. గాలి ఊపిరితిత్తుల్లో అన్ని మూలలకూ వెళ్తోంది, సీటీలో తేడా కనపడకపోవడానికి అదీ ఒక కారణం. కానీ అక్కడి నుంచి రక్తంలోకి దాటాల్సినంత దాటడం లేదు. జినాన్ రక్తంలో కలిస్తే దాని సంకేతం మారుతుంది కాబట్టి అది ఇందులో తెలుస్తుంది. అలా సరిగ్గా దాటని కింది భాగమంతా బొమ్మలో మసిగా ఉంది.

వీరబ్రహ్మం ఒక్కటే అడిగాడు. "అయితే ఇది భయం కాదా అమ్మా?"

"కాదు బాబాయ్."

ఇంకోసారి చెప్పమన్నాడు. ఆమె చెప్పింది. దీనికి ఫలానా మందంటూ లేదని, రోజూ కొంచెం కొంచెంగా నడవాలని, చాలామందికి మెల్లగా తగ్గుతుందని, నీళ్ళలోకి మాత్రం దిగకూడదని పెద్ద డాక్టరు చెప్పాడు. అతనికి సగమే బుర్రకెక్కింది. బయటికి వచ్చాక ఏడుపు వస్తుందేమో అనుకున్నాడు, కానీ విపరీతంగా ఆకలి వేసింది. స్టేషన్ దగ్గర నిలబడి రెండు ప్లేట్ల ఇడ్లీ తిన్నాడు.

ఇంటికి వచ్చి, వాళ్ళు కాగితం మీద తీసిచ్చిన బొమ్మను భవానికి చూపించాడు. ఆమె చాలాసేపు చూసింది.

"నేనూ భయమే అనుకున్నా మావా," అంది.

అతనికి ఆ సంగతి ఎప్పుడో తెలుసు. అయినా ఆమె నోటితో వినేసరికి బొమ్మను మడిచి పెట్టేసుకున్నాడు.

మర్నాడు దాన్ని హార్బరుకు తీసుకెళ్ళాడు. కళాసీలు తడి చేతులు లుంగీలకు తుడుచుకుని ఒకరి తర్వాత ఒకరు చూశారు. ఎవరూ నవ్వలేదు. కోటయ్య మసిగా ఉన్న చోట వేలు పెట్టి, అక్కడే కాసేపు ఉంచాడు. ఇక బోటు ఎక్కొద్దని, ఒడ్డున వలలు బాగుచేస్తే చాలని మెల్లగా అన్నాడు. తర్వాతి వేటకు కొత్త మనిషిని పెట్టుకున్నాడు.

ఆ రోజు నుంచి ఇంటి ముందు కేక ఆగిపోయింది. బోటు వెళ్ళిన సంగతి ఇంజను చప్పుడు వింటేనే తెలిసేది. టీ కొట్టులో అతను రాగానే బల్ల మీద చోటిచ్చేవాళ్ళు, ఆ మాటా ఈ మాటా అడిగేవాళ్ళు, తర్వాత వేట సంగతులు వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునేవాళ్ళు. వెక్కిరించినన్నాళ్ళు తనను వాళ్ళలో ఒకడిగానే చూశారని అతనికి అప్పుడు అర్థమైంది. వలలుంచే రేకుల షెడ్డులో రోజంతా ఒక్కడే కూర్చుని వలల్లో తెగిన కన్నులు అల్లేవాడు. చెప్పినట్టే రోజూ కరకట్ట మీద నడిచేవాడు. మెల్లమెల్లగా ఆయాసం కొద్దిగా తగ్గింది. ఆ మాట చెబుదామంటే అడిగేవాళ్ళు లేరు.

వేట నిషేధం రోజులొచ్చాయి. బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఒక మధ్యాహ్నం భవాని లేనప్పుడు కోటయ్య వచ్చాడు. అరుగు మీద కూర్చుని, వలల గురించి ఏవేవో అడిగాడు. అడుగుతూనే నేల చూశాడు.

"ఆ వాయువు పీల్చేటప్పుడు నొప్పి ఉంటదా?"

వీరబ్రహ్మం అతనికేసి చూశాడు. ఎన్నాళ్ళ నుంచి అని అడిగాడు.

"జొరం వచ్చిన కాడ్నుంచీ. నీకు ఆయాసమంటే భయమన్నా కదా, మరి నాకూ అంతేనని ఎట్టా చెప్పేది? చుక్కాని కాడ కూర్చునేవాణ్ణి కాబట్టి ఎవరికీ తెలీలా."

వీరబ్రహ్మానికి కోపం రావాలి. రాలేదు. పక్కపక్కనే ఇన్నాళ్ళూ ఇద్దరూ చెరొక చోట ఒంటరిగా ఆయాసపడ్డామనిపించింది. రేపే తెనాలి వెళ్దామన్నాడు. కోటయ్య ఒప్పుకున్నాడు గానీ, సరంగుకు జబ్బని తెలిస్తే బోటు ఇంకొకడి చేతికి పోతుందని, కలిసి వెళ్ళడం ఎవరి కంటా పడకూడదని అన్నాడు.

మర్నాడు రేపల్లెలో వీరబ్రహ్మం ఒక పెట్టె ఎక్కాడు, కోటయ్య ఇంకో పెట్టె ఎక్కాడు. తెనాలిలో దిగాక కూడా కోటయ్య వీరబ్రహ్మం వెనక, కొంచెం దూరంలో నడిచాడు. ఆయాసం వచ్చి కోటయ్య ఆగితే వీరబ్రహ్మం కూడా ఏదో కొట్టు ముందు ఆగేవాడు. ఆస్పత్రిలో రెండు వేరు వేరు బల్లల మీద కూర్చున్నారు. నర్సు కోటయ్య పేరు పిలిచింది. అతను లేచి తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"నువ్వూ రా బ్రహ్మం. నాకు చెప్పడం చేతకాదు."

ఇద్దరూ లోపలికి వెళ్ళారు. చూపించుకునేది ఎవరని శశాంక్ అడిగాడు.

"నేనేనండి," అన్నాడు కోటయ్య.