ఇస్త్రీపెట్టె కింద మాటలు

పొద్దున తొమ్మిదింటికి ఇస్త్రీ షాపు తెరిచేసరికే బట్టల మూటలు గుమ్మంలో ఉంటాయి. పెట్టె వేడెక్కగానే బట్టల్లోంచి మాటలు మొదలవుతాయి. ఎవరి బట్టలో వాళ్ళు అన్న మాటలే. ఉతికినా పోవు, వేడి తగిలితే ఆవిరితో పాటు బయటికొస్తాయి. అది అందరికీ తెలిసిందే. గుమాస్తా చొక్కా "అలాగే సార్, అలాగే సార్" అంటుంటే, షాపు నడిపే పెద్దమ్మ "ఈయనకి వేరే మాటే రాదు" అని విసుక్కుంటుంది.

ఆమె దగ్గర పనిచేసే అమ్మాయికి పైఅంతస్తు కౌన్సెలర్ మేడమ్ బట్టలంటే ప్రాణం. "చెప్పమ్మా, తొందరేం లేదు. తప్పు నీది కాదు," అంటాయవి. ఆ మాట తనతో ఎవరైనా ఒక్కసారి అంటే చాలని ఆమెకి ఎంతో ఆశ. ముడత లేనిచోటే మళ్ళీ మళ్ళీ రుద్దేది.

"వదలవే, మాడిపోతుంది!" అనేది పెద్దమ్మ.

పైకి పద్దెనిమిది మెట్లే. ఆరేళ్ళుగా ఒక్కటీ ఎక్కలేదు. వెళ్ళి ఏం చెబుతుంది? మొగుడికి కోపమెక్కువ, తనే చూసుకుని మసలుకోవాలి, అంతేగా. షాపు పనివాళ్ళందరికీ ఇచ్చే నీలం చొక్కా మాత్రం ఆమె ఎప్పుడూ ఇస్త్రీ చెయ్యకుండా, నలిగిందే తొడుక్కుంటుంది.

ఒకరోజు వానలో మూటలు మోసి ఆ అమ్మాయితో సహా ముగ్గురు పనివాళ్ళూ తడిసిపోయారు. పెద్దమ్మ వాళ్ళ నీలం చొక్కాలన్నీ ఒకే తీగ మీద ఆరేసింది. మర్నాడు ఆ అమ్మాయి వాటిని వరసగా ఇస్త్రీ చేస్తోంది. మూడోదాని మీద పెట్టె పెట్టగానే సన్నని గొంతు వణికింది.

"నాదే తప్పండీ. ఇంకెప్పుడూ ఆలస్యంగా రాను. కొట్టకండి."

ఆమె చెయ్యి ఆగిపోయింది. మనలో ఎవరిదో పాపం, ఇన్నాళ్ళూ చెప్పుకోలేదు. ఆ చొక్కాని దగ్గరికి తీసుకుని, "తప్పు నీది కాదే తల్లీ. పది నిమిషాలు ఆలస్యమైతే కొడతారా ఎవరైనా?" అంది.

అప్పుడు గుండీ కనిపించింది. మెడ దగ్గర చొక్కా పట్టి మొగుడు లాగినప్పుడు ఊడితే, నీలం దారం దొరక్క తను తెల్లదారంతో కుట్టుకున్న గుండీ.

చాలాసేపు ఏడ్చింది. పెద్దమ్మ వచ్చి పెట్టె స్విచ్ తీసేసి, "పైకి వెళ్ళవే. మిగతావి నేను చూసుకుంటా," అంది.

మేడమ్ తలుపు తీసే ఉంది. ఆ అమ్మాయి కుర్చీలో కూర్చోలేదు. కూర్చుంటే అడగలేనేమోనని భయం.

"మేడమ్," అంది, "ఇవాళ నేను ఇంటికి వెళ్ళకపోతే, ఎక్కడ ఉండచ్చు?"