దారం చుట్టిన అచ్చు

కూతురి గౌను అంచు విప్పి రెండు వేళ్ళ మేర కిందికి దించుతూ, వీపు తిప్పి కూర్చున్న పిల్లను పిలిచింది తల్లి. పలకలేదు. ఇంకోసారి పిలిచింది. రెండు చెవులకీ వినికిడి మిషన్లున్నాయి, పిల్లకి మూడేళ్ళు నిండాయి, ఉలుకూ లేదు పలుకూ లేదు.

మిషన్లు పెట్టిన కొత్తల్లో తలుపు చప్పుడైతే చాలు, తిరిగి చూసేది. "అమ్మ" అనడం కూడా వచ్చింది. ఆ రోజు ఈమె కుట్టుమిషను మీద తల ఆనించి ఏడ్చింది. ఇప్పుడు ఆ ఒక్క మాటా పోయింది. పిలిస్తే పలికితేనే వచ్చే నెల బడిలో చేర్చుకుంటారట.

మొదట మిషన్లు ఈల వెయ్యడం మొదలుపెట్టాయి. పిల్ల నవ్వినా ఈలే, దిండు మీద తల పెట్టినా ఈలే. "ఇంకో విజిలొస్తే కుక్కరు దింపెయ్యవే" అని అత్తగారి వేళాకోళం. భర్తకి విసుగు. చెవిలో కూర్చునే అచ్చు వదులైందని ఈమె కనిపెట్టింది. వదులు జాకెట్టు బిగించే చెయ్యి కదా, అచ్చుకి దారం నాలుగు చుట్లు చుట్టేసింది. ఈల మళ్ళీ వచ్చినప్పుడల్లా ఇంకాస్త చుట్టి, అదీ చాలక సౌండు చక్రం కిందికి తిప్పింది. ఈల ఆగింది. ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకున్నారు.

ఆ తర్వాతే పిల్ల మొండికేసింది. ఒకరోజు ఈమె దాని వీపు మీద ఒకటి వేసింది కూడా.

బడి భయంతోనే చివరికి మిషన్లు అమర్చే ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ అచ్చు బయటికి తీసి, దారం చుట్లు వేలితో తడిమింది. తిట్టినా ఈమెకి అంత భయమేసేది కాదు.

"ఈ అచ్చు ఎప్పటిదమ్మా?"

"మిషన్లిచ్చినప్పటిదే. ఏడాది దాటింది."

"పిల్లల చెవులూ పెరుగుతాయి తల్లీ. సందులోంచి సౌండు బయటికొచ్చి మళ్ళీ మిషన్లోకే పోతే ఈల వస్తుంది. నువ్వు సౌండు తగ్గించాక దానికి సరిగ్గా ఏదీ వినపడలేదు. అది మొండి కాదు."

ఈమె పిల్ల గౌను వైపు చూసింది. దించిన అంచుల పాత గీతలు మూడు, వరసగా. గౌను పొట్టయిన ప్రతిసారీ కనిపెట్టింది.

ఆవిడ పిల్ల చెవుల్లో మెత్తటి ముద్ద నింపి కొత్త కొలత తీసింది. పది రోజులకి కొత్త అచ్చులు పెట్టి, చిన్న చప్పుళ్ళూ పెద్ద చప్పుళ్ళూ వినిపిస్తూ, పిల్ల ముఖమే చూస్తూ ఒక్కోటీ సరిచేసింది.

మాటలు మళ్ళీ వచ్చేస్తాయా అని అడిగింది ఈమె.

"పోయిన నెలలు పోయినట్టే. మళ్ళీ మొదటినుంచి మొదలెట్టాలి. ఈ ఏడు బడికి తొందరపడకు."

ఇంటికొచ్చి కుట్టుమిషను తొక్కింది. ఇన్నాళ్ళూ దాని పక్కనే నిమ్మళంగా ఆడుకున్న పిల్ల ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది. ఈమె కాలు తీసేసింది. ఏడుపు తగ్గాక, వెనకనుంచి మెల్లగా పిలిచింది.

పిల్ల తిరిగింది. అమ్మ నోటి వైపే కాసేపు చూసింది. మళ్ళీ ఆటలో పడింది.

పాత అచ్చు చేతిలోకి తీసుకుని దారం విప్పసాగింది. నాలుగు చుట్లే అనుకుంది ఇన్నాళ్ళూ. పదకొండు వచ్చాయి.