పోయినేడు రాని జ్వరం

ఆఫీసులో ఆమె పక్కకు తిరిగితే చాలు, ‘నాన్నా పులి’ అని నవ్వుకునేవారు. వానలు, ఎండలు, గాలిలో తేమ, జనం ఫోన్లలో ‘ఒళ్లు నొప్పులు’ అని వెతికిన లెక్కలు కలిపి, డెంగీ ఎక్కడ తలెత్తబోతోందో ముందే చెప్పడం ఆమె ఉద్యోగం. పోయినేడు మ్యాపులో మిల్లు వెనక పేట ఎర్రబడింది. దోమల మందు బండి వీధివీధీ తిరిగింది, జ్వరం రాలేదు. రాలేదు కాబట్టి అంచనా తప్పన్నారు పైవాళ్లు. ఇల్లు కాలలేదు కనక నీళ్లు దండగన్నట్టుంది ఈ పెద్దమనుషుల వరస!

ఈ ఏడు కొత్త నిబంధన పెట్టారు. రక్తపరీక్షలో ఒక్క కేసైనా తేలితేనే బండి కదలాలి. అదే పేట మళ్లీ ఎర్రబడింది. ఆమె అక్క కాపురం ఆ పేటలోనే.

“ఈ ఒక్కసారికి బండి పంపండి సార్,” అని పెద్దసారును బతిమాలింది.

“కేసేదమ్మా?”

“కేసు రాకూడదనే కదా సార్ అడుగుతున్నా.”

“నా చేతుల్లో ఏముంది చెప్పు? రేపు సంజాయిషీ నన్నే అడుగుతారు.”

ఆయన చెడ్డవాడేం కాదు. అయ్యుంటే కసితీరా తిట్టుకునైనా ఊరుకునేది.

సాయంత్రం అక్క ఇంటికెళ్లి పెరట్లో నీళ్ల డ్రమ్ము ఒంచబోయింది. అక్క అడ్డం వచ్చింది.

“కుళాయి ఎప్పుడొస్తుందో తెలీదు, పారబోస్తే ఏం తాగమంటావే? పోయినేడూ ఇలాగే హడలగొట్టావు. ఏమైంది?”

“పిన్నీ, నీ పులి ఈసారైనా వస్తుందా?” అంది అక్క కూతురు. ఆమెకూ నవ్వొచ్చింది. డ్రమ్ముకు పాత దుప్పటి బిగించి కట్టింది. కానీ గోడ అవతల అందరి డ్రమ్ములూ నోళ్లు తెరుచుకునే ఉన్నాయి.

కొద్దిరోజులకే పిల్ల ఒళ్లు పెనంలా కాలిపోయింది. ఆసుపత్రిలో పరీక్ష కాగితం బావ తెచ్చి ఆమె చేతిలోనే పెట్టాడు.

“ఏం కాదుగా?” అన్నాడు. రాబోయేది చెప్పడమే పనిగా బతికే మనిషి ఆ కాగితంలో అంకెలు మళ్లీ మొదటినుంచి చదివింది.

ఇంతలో పెద్దసారు ఫోన్ చేశాడు.

“పేటలో కేసు తేలిందమ్మా! బండి ఇప్పుడే పంపించాను. ఈసారి నీ అంచనా అక్షరాలా నిజమైంది.” కేసెవరిదో ఆయనకు తెలియదు. మెచ్చుకోలుగానే అన్నాడు.

“సరే సార్,” అంది.

మంచం మీద పిల్ల మూలుగుతోంది. అక్క వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

“ఇప్పుడు చెప్పవే. నువ్వేం చెయ్యమంటే అది చేస్తా.”