ఎడమ మలుపులో అరిగిన మాటలు

సుగుణ కారు ఎడమకు తిరిగినప్పుడల్లా పక్క సీట్లో కూర్చున్న ఇందుమతి నోట్లోంచి ఒక మాట అరిగిపోతుంది. ముందు చక్రం మడ్‌గార్డు అంచుకు గరగరమని రాసుకుంటుంది. చప్పుడు ఆగేసరికి మాట ఉండదు. పెద్ద చక్రాలు బిగించిన మర్నాడే "ఉప్పు" పోయింది. తర్వాత "దువ్వెన", ఆ తర్వాత "మేనత్త".

ఇందుమతి సుగుణకు అక్క. ఊళ్ళో రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని వచ్చే బండ్ల పేర్లు చెప్పడం ఆమె ఉద్యోగం. రోజూ చెల్లెలి కారులోనే వెళుతుంది. కారు ఎర్రది, రెండు తలుపులది, పందేల కోసం పుట్టింది. సుగుణ దాన్ని తన చేతులతోనే నేలకు బెత్తెడు ఎత్తుకు దింపింది. దాని కింద నుంచి వెళ్ళే పిల్లులు ముందుగా పలచబడతాయి.

ఈ పొద్దున గడియారస్తంభం మలుపులో "తుని" పోతుంది.

ఇందుమతి మైకు ముందు నోరు తెరుస్తుంది, మూస్తుంది. తుని పాసింజరు ఊరి బయటే నిలబడిపోతుంది. పేరు పెట్టి పిలవందే రాదు, మర్యాద తెలిసిన బండి. ప్లాట్‌ఫారం మీద జనం మూటల పక్కన నిలబడి ఎదురుచూస్తూ ఉంటే వాళ్ళ మడమల దగ్గర సన్నగా వేర్లు మొలుస్తున్నాయి.

స్టేషన్ మాస్టరు గవర్రాజు గారు సుగుణను పిలిపిస్తారు.

"చూడమ్మా, ఇవాళ తుని పోయింది. రేపు 'వచ్చును' పోయిందనుకో, ఇంక ఏ బండీ రాదు."

"పోనివ్వనండి."

"పాత చక్రాలు వేసేసుకోవచ్చు కదా?"

"వేసుకోవచ్చండి. కానీ పోయిన మాటలన్నీ ఈ చక్రాల దగ్గరే ఉన్నాయి. ఇవి ఊడదీస్తే వీటితోపాటు అవీ పోతాయి."

ఆయనకు అది సబబుగానే తోస్తుంది. "అయితే మీ అక్కయ్యని తీసుకెళ్ళు. వీళ్ళకి ఆకులు రాకముందే తీసుకొచ్చెయ్యి."

ఇంటికి వెళ్ళేటప్పుడు సుగుణ ఎడమకు తిరగదు. ఎడమకు పోవాల్సిన చోటల్లా కుడికి, మళ్ళీ కుడికి, మళ్ళీ కుడికి తిప్పుతుంది. తిప్పిన కొద్దీ వీధి పొడవవుతుంది. ఎదురుగా కనిపిస్తున్న వాళ్ళ ఇల్లు అగ్గిపెట్టెంత అవుతుంది, తర్వాత ఆవగింజంత.

"ఇలాగైతే ఇంటికెళ్ళేసరికి మనం ముసలాళ్ళమైపోతామే," అంటుంది ఇందుమతి.

సుగుణ రోడ్డు మధ్యలోనే బండి ఆపి, వెనక నుంచి జాకీ, సామాను దించుతుంది. "ఇంటిదాకా ఎందుకక్కా. ఇక్కడే తేల్చేద్దాం."

ముందుగా టైరు చుట్టూ సుద్ద పూస్తుంది. కారు కుంగితే తప్ప ఎక్కడ రాసుకుంటుందో తెలియదు. కుంగాలంటే బరువు కావాలి.

"అక్కా, బానెట్ మీద కూర్చుని బరువైనదేదైనా తలుచుకో."

ఇందుమతి నాన్న పోయిన రోజును తలుచుకుంటుంది. కారు నిమ్మళంగా కిందికి దిగుతుంది. సుగుణ కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టీరింగు ఎడమకు పూర్తిగా తిప్పుతుంది. అక్క నోరు గట్టిగా మూసుకుని ఉంటుంది. వంగి చూస్తే మడ్‌గార్డు లోపలి అంచు మీద సుద్ద తెల్లగా అంటుకుని ఉంది. అంచు వెనక మసిలాంటి నల్లటి పొడి. సుగుణ వేలితో తీసి నాలుకకు తాకిస్తుంది. ఉప్పగా ఉంది.

"దొరికాయి," అంటుంది.

జాకీతో కారు లేపి చక్రం పక్కన పెట్టి, వేడిగాలి ఊదే హీట్ గన్ ప్లగ్గును ఎండలో గుచ్చుతుంది. అంచు వేడెక్కే కొద్దీ ఇందుమతి దవడ ఎర్రబడుతుంది.

"నొప్పా?"

"కానియ్యి."

"రంగు పగిలితే నీ పన్ను పగులుతుందక్కా."

"అందుకేగా నెమ్మదిగా కానియ్యమంటున్నాను."

సుగుణ గుడ్డ చుట్టిన ఇనప గొట్టంతో అంచును లోపలికి మడుస్తుంది. కాస్త మడిచి ఆగుతుంది, అక్క ముఖం చూస్తుంది, మళ్ళీ వేడి పెడుతుంది. మధ్యలో ఎండ పక్క వీధికి జరగబోతుంది. ప్లగ్గు తీగ పట్టుకుని దాన్ని వెనక్కి లాగుతుంది. భుజాలు పీకుతున్నా గొట్టం వదలదు. రంగు పగలదు. అంచు మొత్తం మడత పడ్డాక నల్లటి పొడిని అరచేతిలోకి దులిపి అక్క నాలుక మీద వేస్తుంది.

"ఉప్పు," అంటుంది ఇందుమతి. "దువ్వెన. మేనత్త." కాసేపు నమిలి తల అడ్డంగా ఊపుతుంది. "అది లేదు."

అది స్ప్రింగుకూ, దాన్ని బిగించి పట్టే కాలరు చుట్టుకూ మధ్య ఇరుక్కుని ఉంది. కాలరు తిప్పితే వస్తుంది. తిప్పితే కారు వేలెడు పైకి లేస్తుంది. సుగుణ స్పానరు పట్టుకుని చాలాసేపు దాన్నే చూస్తుంది. దింపినదాన్ని ఎత్తడం ఆమె ఎరగదు. ఘాట్ రోడ్డు పందెంలో కిందపెట్టిన తమలపాకు మీద నుంచి పోతూ దాన్ని ఎగరనివ్వని కారు అది.

"ఇష్టం లేకపోతే వద్దులేవే. ఒక్క ఊరి పేరు లేకపోతే ఏం, బతకలేనా," అంటుంది ఇందుమతి.

"నువ్వు బతుకుతావు. అక్కడ నిలబడ్డవాళ్ళో?"

సుగుణ పళ్ళు బిగించి తిప్పుతుంది. కారు లేవదు. దాని చుట్టూ ఉన్న వీధి మొత్తం, ఇళ్ళతో సహా, వేలెడు కిందికి దిగుతుంది. ఒక ఇంట్లోంచి ఎవరో తొంగిచూసి, ఏం పర్వాలేదన్నట్టు తలుపు వేసుకుంటారు. స్ప్రింగు సందులోంచి బఠానీ గింజంత మాట జారి సుగుణ చేతిలో పడుతుంది. ఇంకా వెచ్చగానే ఉంది.

ఇందుమతి దాన్ని మింగదు, బుగ్గన పెట్టుకుంటుంది. "స్టేషన్లో వాడతాను. ముందు కారు నడిపి చూడు."

సుగుణ చక్రం బిగిస్తుంది. కారు ఎక్కి స్టీరింగు ఎడమకు పూర్తిగా తిప్పి, కావాలనే గుంతలోంచి పోనిస్తుంది. చప్పుడు లేదు. వేగం పెంచి మళ్ళీ ఎడమకు. లేదు.

"ఏమైనా పోయిందా అక్కా?"

ఇందుమతి వేళ్ళు మడుచుకుంటూ తనకు తెలిసిన మాటలన్నీ తడిమి చూసుకుంటుంది. "ఏదీ పోలేదే. ఇంకోసారి తిప్పు."

సుగుణ తిప్పుతుంది. ఎడమకు తిరిగిన కొద్దీ వీధి పొట్టిదవుతుంది, ఇంకో మలుపు తిరిగేసరికి కారు ప్లాట్‌ఫారం మీదే ఉంటుంది.

"తుని పాసింజరు ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీదికి వచ్చును," అంటుంది మైకులో ఇందుమతి గొంతు. జనం మడమలు దులుపుకుంటారు. గవర్రాజు గారు టోపీ సర్దుకుంటారు. సుగుణ బెంచీ మీద కూర్చుని చేతులకు అంటిన మసి చీరకొంగుతో తుడుచుకుంటుంది.

బండి వచ్చి ఆగుతుంది. పెట్టెలన్నీ కిటికీల దాకా సముద్రంతో నిండి ఉన్నాయి. తలుపు తెరుచుకుంటుంది, ఒక్క చుక్కా కారదు. సముద్రం జాగ్రత్తగా మెట్టు దిగుతుంది, ఎక్కేవాళ్ళకు దారి ఇస్తుంది, బెంచీ దగ్గరికి వస్తుంది.

"కాస్త జరుగుతావా అమ్మాయ్?" అని అడుగుతుంది.

సుగుణ జరుగుతుంది. సముద్రం ఆమె పక్కన కూర్చుని, కాళ్ళు పైకి ముడుచుకుని, ఒళ్ళో నిద్రపోతున్న ఓడను జోకొడుతుంది.