కిటికీ పక్క కుర్చీ

చిన్నకోడలు కోటు అంచు మడత విప్పి, లోపలి నుంచి ఒక్కో పోగూ లాగుతోంది. చిరిగిన చోట ఆ బట్ట పోగే వేసి అల్లితే అతుకు ఎవరికీ కనబడదు. మామగారి రఫూ కొట్టులో ఇంత సన్నటి పని కిటికీ పక్క కుర్చీలోనే జరుగుతుంది. చాలా ఏళ్ళు ఆ కుర్చీ తోడికోడలిది. తను వెనకగదిలో బొత్తాలు కుడుతూ ఉండిపోయింది.

పోయినేడు పెద్దకోడలి వెన్నుకు ఆపరేషన్ చేశారు. గంటల తరబడి బోర్లా పడుకోబెట్టి చేశారు. నడుంనొప్పి పోయింది గాని, మెలకువ వచ్చేసరికి రెండు కళ్ళూ కనబడలేదు. కంటి నరానికి రక్తం అందలేదట. వేలమందిలో ఏ ఒక్కరికో ఇలా జరుగుతుందట. అందులోనూ ఈవిడే ప్రత్యేకం, అనుకుంది చిన్నకోడలు. వెంటనే సిగ్గుపడింది. అయినా కడుపుమంట చల్లారలేదు.

ఎలా చల్లారుతుంది? కుర్చీ ఇటొచ్చింది గాని మురిపెం అటే ఉండిపోయింది. బావగారు పెళ్ళానికి జడ వేస్తాడు. పేపర్లోంచి తలెత్తని మామగారు పెద్దకోడలి కాఫీ చల్లార్చి మరీ చేతికందిస్తాడు. తన మొగుడైతే, తను జడ వేసుకుందో గుండు కొట్టించుకుందో కూడా చూడడు.

సూదిలోకి దారం ఎక్కలేదు. కొన్నాళ్ళుగా ఇదే తంతు, దగ్గరి చూపు మసకేస్తోంది. ఆ మాట పైకి అనడానికి లేదు. కళ్ళజోడు వచ్చిన మనిషి సన్నపనికి పనికిరాదని మామగారి పట్టుదల. అప్పట్లో కట్టుకున్న భార్యనే ఆ కుర్చీలోంచి లేపి బొత్తాలకు పంపాడు. ఇన్నాళ్ళకు దక్కిన కుర్చీ! చచ్చినా వదలదు.

మధ్యాహ్నం పెద్దకోడలు గోడ తడుముకుంటూ వచ్చింది. చూపులేనివాళ్ళకు పని నేర్పే చోటికి బావగారు ఆవిణ్ణి తీసుకెళ్తున్నాడు. అక్కడే కాపురం.

“ఏదీ, ఆ కోటు ఇలా ఇవ్వు.”

వెళ్తూ వెళ్తూ కూడా పెత్తనమే! ఒళ్ళు మండినా ఇచ్చింది. ఆవిడ వేలు అతుకు మీద నడిచి, ఒకచోట ఆగింది.

“ఇక్కడ పోగు దాటేశావే,” అంది మెల్లగా. “ఎన్నాళ్ళయింది చూపు సరిగ్గా ఆనక?”

చిన్నకోడలు గుమ్మం వైపు చూసింది. అంతలో మామగారు వచ్చాడు.

“కోటు ఎలా కుదిరిందమ్మా?”

అడిగింది కుట్టినదాన్ని కాదు, చూపులేనిదాన్ని. ఒక్క మాట చాలు, మళ్ళీ వెనకగదే.

“అతుకు ఎక్కడుందో నాకే దొరకలేదు మామయ్యా. ఇంక ఈ కుర్చీ గురించి మీకు బెంగ అక్కర్లేదు.”

మామగారు మొదటిసారి చిన్నకోడలి వైపు చూసి తలాడించాడు. ఎన్నేళ్ళుగానో కావాలనుకున్న మెప్పు. అదీ ఆవిడ చేతిమీదుగానే రావాలా? ఆ మంచితనం కూడా ఆవిడకే దక్కిందని చిన్నకోడలికి ఏడుపొచ్చింది.

బయట ఆటో ఆగింది. పెద్దకోడలు కోటు మడిచి, తడుముకుని కుర్చీలో పెట్టింది. సాగనంపడానికి అందరూ వీధిలోకి వెళ్ళారు. “ఉంటాను చెల్లీ,” అని పెద్దకోడలు ఆమె చెయ్యి నొక్కి ఎక్కింది. ఆటో మలుపు తిరిగింది.

చిన్నకోడలు లోపలికి వచ్చి కోటు అందుకుంది. దాని మడతలో ఏదో గట్టిగా తగిలింది. విప్పి చూస్తే కళ్ళజోడు. ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ చూడనిది. ఏళ్ళ తరబడి పెట్టుకోగా ముక్కు దగ్గర అరిగి ఉంది, విరిగిన కాడకు నల్లదారం చుట్టి ఉంది.