టేపు చెవి

టేపు చుట్టను వెలుతురుకు ఎత్తిపట్టి, దాని మొదలు ఎక్కడుందో బొటనవేలితో మరోసారి తడిమాడు. గోరుంటే ఈపాటికి తగిలేది. గోరుండవలసిన చోట ఎర్రగా ఉబ్బిన కండ మాత్రమే ఉంది. విసుగొచ్చి చుట్టను బల్లమీద పడేసి, చూపుడువేలు నోట్లో పెట్టుకున్నాడు. అక్కడా కొరకడానికేమీ మిగల్లేదు.

పార్శిళ్ళ గదిలో అందరూ అతణ్ణి గోళ్ళాయన అంటారు. మర్నాటికి కావలసిన టేపు చుట్టలను సాయంత్రం సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్తాడు. భార్య వాటి మొదళ్ళు లాగి, కొసలు చిన్నగా మడిచిపెడుతుంది. ఆ మడతను ఆవిడ చెవి అంటుంది. పార్శిలుకు చెవులేమిటని సూపర్‌వైజరు సణుగుతాడు. పొద్దున్నే ఆ చెవులు కత్తిరించి పారేస్తూ ఇతనూ సణుగుతాడు.

ఈ వారం ఆవిడ ఆసుపత్రిలో ఉంది. ఇవాళ ఆపరేషను. పొద్దున మంచం పక్కన కూర్చుంటే తరిమేసింది.

"మీరిక్కడ వేళ్ళు నములుతూ కూర్చుంటే నాకు గుండెదడ. పనికి పోండి. చెల్లి ఫోన్ చేస్తుందిలెండి."

"ఇప్పుడు నేనేం చేశానే?"

"ముందు ఆ వేలు తీసి మాట్లాడండి."

ఒళ్ళు మండి లేచాడు. వెళ్ళొస్తానని కూడా అనలేదు.

"నిన్నటి ఆట చూశావా, గోళ్ళాయనా?" ఎదురు బల్ల దగ్గరి పొడుగాయన అడిగాడు. "ఆఖరిదాకా గోళ్ళు కొరికించారనుకో."

"కాళ్ళు చాపుకుని కొరికితే సరదాగానే ఉంటుంది."

"మరి నీకేం ఉత్కంఠని రోజూ కొరుకుతావు?"

అతనికి మరింత చిరాకేసింది. ఉత్కంఠంటే ఏదో తేలబోతోందని ఎదురుచూడటం. అతనికి ఏ రోజూ తేలవలసిందేమీ ఉండేది కాదు. బస్సు రాకపోయినా, వచ్చినా, పొయ్యిమీద అన్నం ఉడుకుతున్నా వేలు నోట్లోకి వెళ్ళేది. ఇవాళ నిజంగా ఒకటి తేలాలి. ఇవాళే గోళ్ళు లేవు.

భోజనాలయ్యాక మరదలు ఫోన్ చేసింది.

"బావా," అంది. "వచ్చెయ్యి బావా. తొందరేం లేదు. మెల్లగా రా."

తొందరెందుకు లేదో అతను అడగలేదు. ఫోను జేబులో పెట్టుకుని, విప్పలేకపోయిన చుట్టను పక్కకు నెట్టి, సంచి అందుకున్నాడు. బరువుగా ఉంది. అడుగున ఇంకో చుట్ట. నిన్న ఆసుపత్రికి వెళ్ళినప్పుడు అందులో ఉండిపోయినట్టుంది. బయటికి తీశాడు. కొస మడిచి ఉంది. తను నర్సుతో ఏదో గొడవపడుతున్నప్పుడు ఆవిడ మంచంమీద నుంచే మడిచి ఉంటుంది.

అలవాటుగా కత్తెర అందుకుని, మళ్ళీ కింద పెట్టేశాడు. చుట్టను తన బల్లమీద ఉంచాడు.

"వెళ్తున్నావా? అయితే అదిలా పడెయ్, నాది అయిపోయింది," అన్నాడు పొడుగాయన.

"ముట్టుకోకు."

ఆ గొంతు విని పొడుగాయన చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అతని వెనక తలుపు మూసుకుంది. ఫ్యాను గాలికి, బల్లమీది చుట్ట కొసన ఆ చిన్న చెవి లేచి పడుతూనే ఉంది.